'పిక్డ్ ఇట్ అప్' రైటు, 'లుక్డ్ ఇట్ ఎట్' తప్పు. ఎందుకో ఎవరైనా చెప్తారా?

చీరాల_చిన్నోడు · రాత్రి 9:40

అందరికీ నమస్తే. డిగ్రీ దాకా నాది తెలుగు మీడియమే. ఇప్పుడు అమీర్‌పేటలో హాస్టల్లో ఉండి ఇంటర్వ్యూలకి తిరుగుతున్నా. మొన్న ఒకచోట, ఈమధ్య జరిగిన సంగతేదైనా పది వాక్యాల్లో ఇంగ్లిష్‌లో రాయమన్నారు. బస్సులో పర్సు దొరికితే కండక్టర్‌కి అప్పజెప్పిన సంగతి రాశా. కల్పన కాదు, నిజంగా జరిగిందే. పేపర్ చేతికొచ్చేసరికి నాలుగు ఎర్రగీతలు. ఎందుకు సార్ అంటే 'ఇంత బేసిక్ కూడా రాదా' అని నవ్వి ఊరుకున్నాడాయన. ఆ నాలుగూ ఇవి:

'ఐ సా ఎ పర్స్ అండ్ పిక్డ్ అప్ ఇట్.'
'ఐ డిడ్ నాట్ టుక్ ఎనీథింగ్ ఫ్రమ్ ఇట్.'
'ది కండక్టర్ టోల్డ్ టు మి టు వెయిట్.'
'ది సీట్ ఐ శాట్ వాజ్ నియర్ ది డోర్.'

మొదటిదానికి 'పిక్డ్ ఇట్ అప్' అనాలన్నాడు మా రూమ్మేట్. ఓహో, ఇట్ మధ్యలోకి రావాలి కాబోలనుకుని 'ఐ లుక్డ్ ఇట్ ఎట్' అన్నా. వాడు మంచం మీద దొర్లి దొర్లి నవ్వాడు. ఒకచోట మధ్యలోకి రావాలి, ఇంకోచోట రాకూడదు. దీనికి రూలుందా, బట్టీ పట్టడమేనా?

కోడ్_కుర్రాడు · రాత్రి 9:47

బట్టీయే బ్రో. నేను అలాగే పాసయ్యా.

బడిపంతులు_ఖమ్మం · రాత్రి 10:15

బట్టీ అక్కర్లేదు తమ్ముడూ. హైస్కూల్లో ఇరవై ఏళ్లుగా ఇంగ్లిష్ చెప్తున్నా, ఈ నాలుగు తప్పులూ ప్రతి సంవత్సరం ప్రతి సెక్షన్‌లో దిద్దుతా. నవ్వినాయన సంగతి వదిలెయ్. నీవి తెలివితక్కువ తప్పులు కావు, తెలుగు బాగా వచ్చినవాడు చేసే తప్పులు.

రెండోది ముందు తేల్చేద్దాం. తెలుగులో 'తీసుకున్నాను' అంటావు, లేదన్నప్పుడు 'తీసుకోలేదు' అంటావు. 'తీసుకున్నానులేదు' అని ఎప్పుడైనా అన్నావా? భూతకాలం భారమంతా 'లేదు' మోస్తుంది కాబట్టి అసలు క్రియ మామూలు రూపానికి వచ్చేస్తుంది. ఇంగ్లిష్‌లో ఆ బరువు 'డిడ్' మోస్తుంది. కాబట్టి 'డిడ్ నాట్ టేక్'. అయిపోయింది.

ఇక నీ పర్సు. 'పిక్డ్ ఇట్ అప్' అంటే దాన్ని పైకి తీశా. 'లుక్డ్ ఎట్ ఇట్' అంటే దాని వంక చూశా. ఈ రెండిట్లో 'ఇట్' ఒకటేనా? ఇంగ్లిష్‌లో ఒకటే మాట. తెలుగులో మాత్రం మొదటిది 'దాన్ని', రెండోది 'దాని'. 'దాన్ని' అన్నది క్రియ సొత్తు, పోయి క్రియ పక్కన కూర్చుంటుంది. అందుకే పిక్డ్ ఇట్. 'దాని' అన్నది 'వంక' సొత్తు, అంటే 'ఎట్' సొత్తు. అందుకే ఎట్ ఇట్. 'పిక్డ్ అప్'లో ఉన్న 'అప్' అసలు ప్రిపొజిషనే కాదు, దానికి సొంత నామవాచకం లేదు, 'పైకి' లాగా క్రియకి అంటుకున్న తోక.

నామవాచకం ఉన్నప్పుడు ఈ తేడా బయటపడదు. 'పిక్డ్ అప్ ది పర్స్', 'పిక్డ్ ది పర్స్ అప్' రెండూ చెల్లుతాయి. సర్వనామం పెట్టగానే దొంగ దొరికిపోతాడు. నేను పిల్లలకి అదే చెప్తా: అనుమానమొస్తే ఆ చోట 'ఇట్' పెట్టి చూడండి అని.

వరంగల్_పిల్ల · రాత్రి 10:31

సార్, మీ దాన్ని–దాని రూల్ మస్తుంది గానీ నాకో డౌటు. 'లుక్డ్ ఫర్ ఇట్' అంటే తెలుగుల 'దాన్ని వెతికిన' అంటం గదా. మీ లెక్కన 'లుక్డ్ ఇట్ ఫర్' కావాలె. మరి కాదాయె.

బడిపంతులు_ఖమ్మం · రాత్రి 10:44

దొరికిపోయా. శభాష్ అమ్మాయ్.

నిజమే, తెలుగు అనువాదం మీద పూర్తిగా ఆధారపడితే అక్కడ కాలు జారుతుంది. 'లుక్డ్ ఫర్' కలిపి మనకి 'వెతకడం' అనే ఒకే క్రియ ఉండటంతో 'ఫర్' తెలుగులో మాయమైపోయింది. అలాంటప్పుడు రెండో పరీక్ష పెట్టాలి. సర్వనామం తీసేసి నామవాచకం పెట్టి, ఆ చిన్న మాటని చివరికి జరుపు. 'పిక్డ్ ది పర్స్ అప్' నిలబడింది. 'లుక్డ్ ది పర్స్ ఫర్' కూలిపోయింది. కూలిపోతే అది నిజమైన ప్రిపొజిషన్, 'ఇట్' దాని వెనకే రావాలి.

ఇంకో కిటుకు. ఎట్, ఫర్, ఫ్రమ్, విత్ ఈ నాలుగూ తోకలుగా మారే రకం కావు, వీటి తర్వాతే సర్వనామం. అవుట్, అవే, బ్యాక్ దాదాపు ఎప్పుడూ తోకలే. అప్, డౌన్, ఆన్, ఆఫ్, ఇన్, ఓవర్ మాత్రం గోడమీద పిల్లులు. ఉదాహరణకి 'లుక్డ్ అప్ ది వర్డ్' అంటే నిఘంటువులో చూశా: 'లుక్డ్ ఇట్ అప్'. 'క్లైంబ్డ్ అప్ ది లాడర్' అంటే నిచ్చెన ఎక్కా: 'క్లైంబ్డ్ అప్ ఇట్'. రెండిట్లోనూ అదే 'అప్'. ఒకచోట తోక, ఒకచోట ప్రిపొజిషన్.

కోడ్_కుర్రాడు · రాత్రి 10:50

మాస్టారూ, ఆ 'ఆఫ్' ఒక ఎఫ్ ఉన్నదా, రెండు ఎఫ్‌లు ఉన్నదా? తెలుగులో రెండూ ఒకేలా ఏడుస్తున్నాయి.

బడిపంతులు_ఖమ్మం · రాత్రి 10:52

రెండు ఎఫ్‌లది. స్విచ్ 'టర్న్డ్ ఇట్ ఆఫ్'. ఒక ఎఫ్‌ది పై నలుగురి బ్యాచ్.

డల్లాస్_అత్తయ్య · రాత్రి 11:20

చిన్నోడా, నీ మూడో వాక్యం చూస్తే నాకు ప్రాణం లేచొచ్చింది. నేనొక్కదాన్నే కాదన్నమాట.

ఇక్కడికొచ్చి పదహారేళ్లయింది. మా అబ్బాయి ఎనిమిదో గ్రేడు. నిరుడు వాడి లెక్కల టీచర్‌కి మెయిల్ రాస్తూ 'యూ ఎక్స్‌ప్లెయిన్డ్ మి ది ప్రాబ్లమ్ వెరీ వెల్' అని రాశా. వాడు వెనక నిలబడి చదివి 'అమ్మా, ఎక్స్‌ప్లెయిన్డ్ ఇట్ టు మి' అన్నాడు. అలాగే, ఇక నుంచి అందరికీ 'టు' తగిలిద్దామని మర్నాడు 'షి టోల్డ్ టు మి' అన్నా. 'ఇక్కడ టు వద్దమ్మా' అన్నాడు. ఆ పూట వాడికి పెరుగన్నమే పెట్టా.

తెలుగులో చూడండి: నాకు చెప్పింది, నాకు ఇచ్చింది, నాకు వివరించింది. ఒకే 'కు'. ఇంగ్లిష్ వాళ్లకి మాత్రం 'టోల్డ్ మి', 'సెడ్ టు మి', 'ఎక్స్‌ప్లెయిన్డ్ టు మి'. ఇది న్యాయమేనా?

పాత_పుస్తకం · రాత్రి 11:58

అత్తయ్యగారూ, న్యాయం కాదు గానీ కారణం ఉంది. నేను లింగ్విస్టిక్స్ చదివి బ్యాంకులో పనిచేస్తున్నా. చదువు ఎక్కడో ఒకచోట అక్కరకొస్తుందంటే ఇదే.

'టెల్', 'గివ్', 'సెండ్' లాంటివి ఇంగ్లిష్ సొంత క్రియలు. వీటికి ప్రిపొజిషన్ లేకుండానే ఎవరికి అన్నది పక్కన పెట్టే పాత అలవాటుంది: 'గేవ్ మి ఎ టికెట్'. 'ఎక్స్‌ప్లెయిన్', 'డిస్క్రైబ్', 'డొనేట్' లాంటివి లాటిన్, ఫ్రెంచ్ దారిన వచ్చిన మాటలు. ఇవి ఎక్కువగా 'టు' అడుగుతాయి. అన్నీ ఈ గీతకి లోబడవు గానీ, చిన్న పొట్టి ఇంటి క్రియా, పొడుగు పుస్తకాల క్రియా అని చూస్తే చాలావరకు పట్టుబడుతుంది.

సర్వనామం వచ్చేసరికి ఇంకో మెలిక. 'గేవ్ మి ది టికెట్', 'గేవ్ ది టికెట్ టు మి' రెండూ బాగున్నాయి. టికెట్ బదులు 'ఇట్' పెడితే 'గేవ్ ఇట్ టు మి' మాత్రమే సాఫీగా వస్తుంది. 'గేవ్ మి ఇట్' బ్రిటన్‌లో వినబడుతుంది, మనం దాని జోలికి పోకపోవడమే మంచిది.

ఇక 'మి' సంగతి. బళ్లో మాకిది సబ్జెక్ట్ పట్టిక, ఆబ్జెక్ట్ పట్టిక అని వల్లె వేయించారు. అక్కర్లేదు. 'నేనుతో వచ్చాడు' అనే తెలుగువాడు లేడు. నేను + తో = నాతో. విభక్తి తగలగానే నేను 'నా' అయిపోతుంది, నువ్వు 'నీ', మేము 'మా'. 'విత్ ఐ' అంటే అచ్చంగా 'నేనుతో'. బాగా చదువుకున్న ఇంగ్లిష్ వాళ్లే 'బిట్వీన్ యూ అండ్ ఐ' అంటుంటారు, అది విన్నప్పుడల్లా నాకు 'నీకూ నేనుకూ మధ్య' అన్నట్టుంటుంది.

వరంగల్_పిల్ల · ఉదయం 7:05

డు ము వు లు ప్రథమా విభక్తి, నిన్ నున్ లన్ కూర్చి గురించి ద్వితీయా విభక్తి... చిన్నప్పుడు కట్టెతో కొట్టి నేర్పిండ్రు, గిప్పుడు పనికొస్తున్నది.

అవును సార్, 'డిస్కస్డ్ అబౌట్ ఇట్' తప్పంటరు గదా. గురించి ఉంటే అబౌట్ ఉండాలె కదా?

బడిపంతులు_ఖమ్మం · ఉదయం 7:30

నీ పోస్టులోనే జవాబుంది, చూసుకో. 'గురించి' ఏ విభక్తి? ద్వితీయ. కర్మకి వచ్చేది. 'దాని గురించి చర్చించాం'లో 'దాని గురించి' అంతా కలిపి కర్మే. కాబట్టి 'డిస్కస్డ్ ఇట్'. ఇది శాస్త్రం కాదు, గుర్తుపెట్టుకోడానికి నేను అల్లుకున్న చిట్కా. 'టాక్డ్ అబౌట్ ఇట్' దగ్గర పనిచేయదు, ముందే చెప్తున్నా, మళ్లీ పట్టుకోకు.

ఇదే వరసలో 'స్టేషన్‌కి చేరా', 'రీచ్డ్ టు' కాదు, 'రీచ్డ్ ది స్టేషన్'. 'గదిలోకి అడుగుపెట్టా', 'ఎంటర్డ్ ఇన్‌టు ది రూమ్' కాదు, 'ఎంటర్డ్ ది రూమ్'. తెలుగు విభక్తి ఇంగ్లిష్ క్రియ కడుపులోనే ఉంది.

పాత_పుస్తకం · ఉదయం 9:10

పొద్దున్నే కౌంటర్ ఖాళీగా ఉంది కాబట్టి ఇంకాస్త.

తెలుగు క్రియ చివర్లో మనిషి ఉంటాడు. వెళ్లాను, వెళ్లావు, వెళ్లాడు, వెళ్లింది, వెళ్లారు. వరంగల్ చెల్లెలి మాటలో అయితే పోయిన, పోయిండు, పోయింది. అందుకే 'నేను', 'వాడు' వదిలేసినా లోటు లేదు. ఇంగ్లిష్ 'వెంట్' లో మనిషి లేడు. ఐ వెంట్, షి వెంట్, దే వెంట్. భూతకాలంలో మనిషిని బట్టి మారే క్రియ ఒక్కటే మిగిలింది, వాజ్–వర్. కాబట్టి సర్వనామం వదలడానికి వీల్లేదు. వాన పడినా 'ఇట్ రెయిన్డ్' అని ఎవరో తెలియని 'ఇట్'ని తెచ్చి నిలబెట్టాల్సిందే.

ఇది మనకి కొత్త కాదు సుమా. తెలుగులో 'వెళ్లలేదు' అనండి. ఎవరు? నేనా, ఆమెనా, వాళ్లా? తెలియదు. లేదన్న భూతకాలంలో మన క్రియ కూడా మనిషిని పోగొట్టుకుంది. ఇంగ్లిష్ మొత్తం భూతకాలమే 'వెళ్లలేదు' లాగా ఉంటుందనుకోండి.

మొదట్నుంచీ అలా లేదు. వెయ్యేళ్ల కిందటి పాత ఇంగ్లిష్‌లో భూతకాలపు బహువచనానికి 'ఆన్' అనే ప్రత్యయం ఉండేది. 'గో'కి భూతకాలం అసలు 'వెంట్' కూడా కాదు, 'ఏఓదె'. వాళ్లు వెళ్లారంటే 'ఏఓదాన్'. 'వెంట్' అన్నది 'వెండ్' అనే వేరే క్రియ భూతకాలం, వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది. 'దౌ' అన్న పాత 'నువ్వు'కి కూడా వేరే ప్రత్యయం ఉండేది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్ తిరగేస్తే 'దౌ డిడ్‌స్ట్' ఇంకా కనిపిస్తుంది.

సర్వనామాలకీ అప్పుడు విభక్తులు విడివిడిగా ఉండేవి. 'హినె' అంటే అతన్ని, 'హిమ్' అంటే అతనికి. తర్వాత 'హినె' పోయింది, 'హిమ్' రెండు పనులూ నెత్తినేసుకుంది. అతన్నా, అతనికా అన్నది ఇక మాటలో తెలియదు కాబట్టి చోటుని బట్టి, ముందున్న 'టు'ని బట్టి తెలుసుకోవాలి. మన చిన్నోడి ఎర్రగీతలన్నిటి వెనకా ఈ సర్దుబాటే ఉంది. ప్రత్యయాలు రాలిపోయిన చోట సర్వనామాలూ ప్రిపొజిషన్లూ వాటి పని అందుకున్నాయి. అందుకే ఇంగ్లిష్ అవి కదిలితే ఒప్పుకోదు.

ఇంకొకటి చెప్పి కస్టమర్ని చూస్తా. 'నాకు నచ్చింది' అన్నదాన్ని మనవాళ్లు 'ఇట్ లైక్డ్ టు మి' అని రాస్తే నవ్వుతారు కదా. పాత ఇంగ్లిష్‌లో అది దాదాపు అలాగే ఉండేది! నచ్చినవాడు 'కు' విభక్తిలో ఉండేవాడు. 'మెథింక్స్' అనే పాత మాటలో ఉన్న 'మె' అదే: 'నాకు అనిపిస్తోంది'. దాని భూతకాలం 'మెథాట్', నాకు అనిపించింది. ఇప్పుడు మాత్రం నాకు కోపం వచ్చింది, నాకు నచ్చింది, నాకు తెలిసింది అన్నవాటిలో 'నాకు' అంతా 'ఐ' అయిపోయి ముందుకొచ్చి కూర్చుంటుంది. ఐ గాట్ యాంగ్రీ, ఐ లైక్డ్ ఇట్, ఐ ఫౌండ్ అవుట్.

డల్లాస్_అత్తయ్య · ఉదయం 9:41

'ఫీవర్ కేమ్ టు మి' అని సెలవు చీటీ రాసిన రోజులు గుర్తొచ్చాయి బాబూ.

చీరాల_చిన్నోడు · మధ్యాహ్నం 1:15

అన్నా, ఇదంతా రెండుసార్లు చదివా. ఇంకా నాలుగోది మిగిలింది. 'ది సీట్ ఐ శాట్'. నేను కూర్చున్న సీటు. ఇందులో తప్పేముంది?

కోడ్_కుర్రాడు · మధ్యాహ్నం 1:22

ఇది నాకు తెలుసు, మా టీమ్ లీడ్ నా డాక్యుమెంట్లో ఇదే కొట్టేశాడు. 'ది సర్వర్ వి కనెక్టెడ్' అని రాశా. 'కనెక్టెడ్ టు' అన్నాడు. 'టు' వెనక ఏమీ లేదు కదా, గాల్లో ఎలా వేలాడుతుందీ అంటే, వేలాడాలి అన్నాడు.

బడిపంతులు_ఖమ్మం · సాయంత్రం 5:40

బడి వదిలి వచ్చా. కుర్రాడు చెప్పింది నిజం, వేలాడాలి.

తెలుగులో 'నేను సీట్లో కూర్చున్నా' అంటావు. దాన్ని తిప్పి 'నేను కూర్చున్న సీటు' అనగానే ఆ 'లో' ఏమైంది? మింగేశాం. 'కత్తితో కోశా' అని, తిప్పితే 'కోసిన కత్తి'. 'తో' పోయింది. 'ఆఫీసులో పనిచేశా', 'పనిచేసిన ఆఫీసు'. విన్నవాడికి అర్థమైపోతుంది కాబట్టి విభక్తిని వదిలేయడం మన పద్ధతి. ఇంగ్లిష్ వదలదు. 'ది సీట్ ఐ శాట్ ఇన్', 'ది నైఫ్ ఐ కట్ ఇట్ విత్', 'ది ఆఫీస్ ఐ వర్క్డ్ ఇన్'. పరీక్ష మళ్లీ అదే: 'ఇట్' పెట్టి మామూలు వాక్యం చెయ్. 'ఐ శాట్ ఇన్ ఇట్'. ఇప్పుడు 'ఇట్' చెరిపేయ్, 'ఇన్' మాత్రం ఉండనీ. 'ఇట్' పోయినంత మాత్రాన 'ఇన్' పోదు.

మా పిల్లలకి ఈ ఒక్కటి అంటించడానికి నాకు ఒక టర్మ్ పడుతుంది.

కోడ్_కుర్రాడు · సాయంత్రం 6:02

నేనొకటి కనిపెట్టా, తిట్టకండి. 'షి గేవ్ ఇట్ టు హిమ్ ఎట్ ది టెంపుల్ ఎస్టర్‌డే.' సబ్జెక్టుని పక్కన పెట్టి మిగతాది చివర్నుంచి వెనక్కి చదవండి: నిన్న, గుడి దగ్గర, అతనికి, దాన్ని, ఇచ్చింది. సూటిగా తెలుగు! 'ఎట్ ది టెంపుల్' కూడా తిరగబడి 'గుడి దగ్గర' అయింది. రివర్స్ ఫంక్షన్ కొడితే చాలు.

పాత_పుస్తకం · సాయంత్రం 6:30

తిట్టడమేంటి, ఇది నువ్వు ఒంటరిగా కనిపెట్టావంటే గొప్పే. 1963లో జోసెఫ్ గ్రీన్‌బర్గ్ అనే భాషావేత్త 30 భాషలు పక్కపక్కన పెట్టి చూశాడు. క్రియ చివర వచ్చే భాషల్లో ఈ చిన్న మాటలు నామవాచకం వెనక రావడం కాకతాళీయం కాదని తేల్చాడు. ఆ 30లో ద్రావిడ భాషల తరఫున కన్నడం ఉంది, మనది లేదు. అసూయగా ఉంటుంది.

వరంగల్_పిల్ల · రాత్రి 8:18

నాదొక్కటి చివరిగ. 'లక్ష్మి సా రాణి విత్ హర్ బ్రదర్.' అన్న ఎవరికి? లక్ష్మికా, రాణికా? మనకైతే 'తన అన్న' అంటే లక్ష్మి అన్న, 'ఆమె అన్న' అంటే రాణి అన్న. ఇంగ్లిష్‌ల ఎట్ల తెలుసుకునుడు?

పాత_పుస్తకం · రాత్రి 8:40

తెలుసుకోలేం. ముందూ వెనకా చూసుకోవాల్సిందే. 'తన' లాంటి మాట వాళ్లకి లేకపోవడం పెద్ద లోటు.

'సెల్ఫ్' ఉంది కదా అంటారేమో, అది ఇక్కడ పనికిరాదు. పైగా దానికి వేరే పేచీ. 'హి బ్లేమ్డ్ హిమ్' అంటే వేరొకణ్ని. తనని తానే అయితే 'హిమ్‌సెల్ఫ్'. అదే 'హి క్లోజ్డ్ ది డోర్ బిహైండ్ హిమ్' అంటే తన వెనకే, 'సెల్ఫ్' అక్కర్లేదు. చోటు చెప్పే ప్రిపొజిషన్ అయితే ఉత్త 'హిమ్' చాలు. క్రియే కోరి తెచ్చుకున్న ప్రిపొజిషన్ అయితే 'సెల్ఫ్' కావాలి: 'షి టాక్డ్ టు హర్‌సెల్ఫ్'.

డల్లాస్_అత్తయ్య · రాత్రి 8:55

అయ్యో, 'ఐ బ్రాట్ లంచ్ విత్ మైసెల్ఫ్' అని ఆఫీసులో ఎన్నేళ్లు చెప్పానో. 'విత్ మి' అన్నమాట.

ఇవన్నీ సరే చిన్నోడా, ఇంతకీ ఆ పర్సు ఎవరిదో తెలిసిందా లేదా? నిన్నట్నుంచీ అదే ఆలోచిస్తున్నా.

చీరాల_చిన్నోడు · రాత్రి 9:30

తెలిసింది అత్తయ్యా. తర్వాతి రోజు అదే బస్సెక్కితే కండక్టర్ గుర్తుపట్టి చెప్పాడు. కాలేజీకెళ్లే అమ్మాయిదట, హాల్ టికెట్ కూడా అందులోనే ఉందట. ఇంగ్లిష్‌లో రాస్తా, దిద్దండి:

'ఐ సా ఎ పర్స్ అండర్ ది సీట్ ఐ శాట్ ఇన్. ఐ పిక్డ్ ఇట్ అప్ అండ్ గేవ్ ఇట్ టు ది కండక్టర్. హి టోల్డ్ మి టు వెయిట్ అండ్ లుక్డ్ ఎట్ ది కార్డ్ ఇన్ ఇట్. హి థ్యాంక్డ్ టు మి. ది నెక్స్ట్ డే షి కేమ్ టు ది డిపో అండ్ టుక్ ఇట్ బ్యాక్.'

వరంగల్_పిల్ల · రాత్రి 9:34

'థ్యాంక్డ్ మి' అన్నా. టు లేదు. మిగతాది ఓకే.

బడిపంతులు_ఖమ్మం · రాత్రి 9:36

'టుక్ ఇట్ బ్యాక్'. మధ్యలో పెట్టమని ఎవరూ చెప్పకుండానే పెట్టాడు, చూశారా.